ఒక్క గోలు

నర్సీపట్నమునుండి బయలుదేరిన బస్సు కనుమదారి మలుపులన్నియు తిరిగి, లంబసింగి దాటి, చింతపల్లి చేరును. తూర్పు కనుమలలోని ఈ మన్యసీమ సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇచ్చట సిల్వరోకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు పెరుగును. ఆ చెట్లను పెనవైచుకొని మిరియపు తీగలు పైకి ప్రాకును. 1922వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు అనుచరులతో వచ్చి, ఆయుధములను పట్టుకొనిపోయిన పోలీసు ఠాణా ఈ చింతపల్లిదే. ఆ కథను తెలుగు బిడ్డలందఱును ఎఱుగుదురు. దాదాపు నూరేండ్ల తరువాత, మఱియొక ఆగస్టు నెలలో, ఇదే ఊరిలో ఒక వృద్ధునికి కలిగిన సంతోషమును గూర్చి ఎఱిగినవారు మాత్రము కొలదిమందియే. ఆ సంతోషమునకు కారణము సముద్రముల కావల టోక్యో నగరమున పడిన ఒక్క గోలు.

ఆ వృద్ధుడు పదవీవిరమణ చేసిన వ్యాయామోపాధ్యాయుడు. ఊరిలో అందఱును ఆయనను ‘డ్రిల్లు మాష్టారు’ అందురు. ఆయన ఈ కొండలలో పుట్టి, ఈ కొండలలోని బడులలోనే ముప్పది యేండ్లు పిల్లలకు ఆటలు నేర్పినవాడు. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు అన్నియు నేర్పెను; కాని ఆయన మనసు హాకీమీద ఉండెను. కొనిన కఱ్ఱలు బడికి లేని కాలమున, కొస వంగిన వెదురుకఱ్ఱలను ఏరి తెచ్చి, కొయ్యను గుండ్రముగా చెక్కించి బంతి చేయించి, కోత ముగిసిన చేలలో పిల్లలచేత ఆడించెడివాడు. బంతి ఒక్కొక్కప్పుడు గెడ్డలో పడి కొట్టుకొనిపోయెడిది. పిల్లలు దాని వెంట పరుగెత్తి, తడిసిన బట్టలతో పట్టి తెచ్చెడివారు. ఆట మరల సాగెడిది.

ఆయనకు హాకీ అభిమానము కలుగుటకు కారణము ఒక రేడియో. 1975వ సంవత్సరము మార్చి 15వ తేదీన కౌలాలంపూరు నగరమున భారతదేశము పాకిస్తానును 2–1తో ఓడించి ప్రపంచకప్పు గెలుచుకొన్నది. అప్పుడు విద్యార్థిగా ఉన్న మాష్టారు ఆ వార్తను రేడియోలో వినెను. ఆ జట్టులో మైకేల్ కిండో అను ఆదివాసి ఒకడు ఉన్నాడని తరువాత ఎవరో చెప్పిరి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టునకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా కూడ ఆదివాసియే అనియు, ఆయన పుట్టినది ఛోటానాగపూరు కొండలలోని పల్లె అనియు చదివి తెలిసికొన్నాడు. కొండలలో పుట్టినవారు ఈ ఆటకు దూరపువారు కారను నమ్మకము ఆ బాలుని మనసులో నాటుకొన్నది. ఆ నమ్మకమే ఆయనను ఉపాధ్యాయునిగా చేసినది.

అయితే ఆయన అభిమానము మొదలైన మఱుసటి యేడే భారత హాకీకి కష్టకాలము మొదలయ్యెను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో గడ్డినేలకు బదులు కృత్రిమ తివాచీవంటి నేలను పఱచిరి. ఆ నేలమీద బంతి నునుపుగా, వడిగా పరుగెత్తును. అట్టి మైదానములు మన దేశమున చాలకాలము వఱకు అరుదుగా ఉండెను. అంతవఱకు ఒలింపిక్ పతకము లేక తిరిగిరాని పురుషుల జట్టు ఆ యేడు ఏడవ స్థానమున నిలిచినది. 1980లో మాస్కోలో బంగారు పతకము వచ్చినను, తరువాతి కథ పెక్కు సంవత్సరములు ఓటముల కథయే.

స్త్రీల జట్టు కథ అంతకంటె కఠినము. ఒలింపిక్ క్రీడలలో స్త్రీల హాకీ మొదటిసారి ప్రవేశించినది మాస్కోలోనే. ఆరు జట్లు ఆడిన ఆ పోటీలో మన జట్టు నాలుగవదిగా నిలిచినది. ఆ తరువాత ముప్పదియాఱు సంవత్సరములు మన స్త్రీలకు ఒలింపిక్ ద్వారము తెఱువబడలేదు. 2016లో రియో నగరమునకు వెళ్లినప్పుడు ఆడిన ఐదింటిలో ఒక ఆటను సమముగా ముగించి, నాలుగింట ఓడిపోయిరి. ఆస్ట్రేలియా చేతిలో 1–6తో ఓడిరి. పండ్రెండు జట్లలో పండ్రెండవ స్థానముతో తిరిగి వచ్చిరి.

మాష్టారు ఆ ఐదు ఆటలను తెల్లవారుజామున మేలుకొని చూడనేర్చినవి చూచెను. తక్కిన వాని ఫలితములను పత్రికలో చదివెను. క్రికెట్టు మాత్రమే ఎఱిగిన ఇరుగుపొరుగువారు, “మాష్టారూ, మీ జట్టు ఈసారియు ఓడినదా?” అని నవ్వుచు అడుగుదురు. ఆయన కోపగింపడు. “ఓడినది. అయినను మా జట్టే,” అని బదులు చెప్పును.

గెలుచు జట్టును ప్రేమించుట సులభము. దానికి ఓపిక అక్కఱలేదు. ఓడు జట్టును ప్రేమించువానికి మాత్రము ఆటను చక్కగా చూచుట అలవడును. ఫలితములో సంతోషము దొరకదు గనుక, అతడు ఆటలోపల వెదకుకొనవలెను. ఎవరు అలసియు వెనుకకు పరుగెత్తి వచ్చిరి, ఎవరు తాము కొట్టగల బంతిని తోటివారికి అందించిరి, నిరుడు తప్పుచేసిన చోట ఈ యేడు ఎవరు దిద్దుకొనిరి, ఇవన్నియు అతని కన్నులకు కనబడును. డ్రిల్లు మాష్టారి చూపు అట్టిది.

2021వ సంవత్సరమున టోక్యో క్రీడలు జరుగునాటికి ఆయన ఇంట మనుమరాలు ఉండెను. ఆమెకు పదుమూడేండ్లు. ఆశ్రమ పాఠశాలలో చదువుచుండెడిది. మహమ్మారి కారణముగా బడులు మాటిమాటికి మూతబడెను. పరీక్షలు లేకయే పిల్లలను పై తరగతికి పంపిరి. ఫోనులో పాఠములు వినుటకు కొండపల్లెలలో సంకేతములు అందవు. అందిన చోట ఫోను ఉండదు. ఆ బాలిక తల్లితో కలిసి పొలము పనులకు పోయినది, కాఫీ తోటలో కలుపు తీసినది. లెక్కలు మాత్రము మఱచిపోయినది. పుస్తకము తెఱచినప్పుడెల్ల తెలిసినదికూడ తెలియనట్లే తోచెడిది.

ఆగస్టు నెల నడుమ బడులు తెఱచెదరని తెలిసినప్పుడు ఆమె, “తాతా, నేను బడికి పోను. ఎనిమిదవ తరగతి పాఠములు నాకు రావు. తెలిసినవారి నడుమ తెలియనిదానను కూర్చుండుటకు సిగ్గు,” అని చెప్పినది. తల్లి కోపపడినది. మాష్టారు ఏమియు అనలేదు. “ఆటలు ముగియనిమ్ము, తరువాత మాటలాడుకొందము,” అని మాత్రము అనెను. ఈ మాటకు ఆయన మనసులో ఏ ఉపాయమును లేదు. ఏమి చెప్పవలెనో ఆయనకును తెలియదు.

జూలై 24వ తేదీన మన జట్టు మొదటి ఆటలో నెదర్లాండ్సుతో తలపడి 1–5తో ఓడిపోయినది. 26వ తేదీన జర్మనీతో 0–2. ఆ ఆటలో మనకు ఒక పెనాల్టీ స్ట్రోకు లభించినది. గోలునకు ఎదురుగా బంతిని నిలిపి, గోల్‌కీపరు తప్ప అడ్డు ఎవరును లేక కొట్టు అవకాశమది. గుర్జీత్ కౌర్ దానిని గోలు చేయలేకపోయినది. 28వ తేదీన గ్రేట్ బ్రిటన్‌తో 1–4. మూడు ఆటలు, మూడు ఓటములు.

బాలిక తాతప్రక్కన చాపమీద కూర్చుండి మూడును చూచినది. మూడవది ముగిసినంతనే, “ఓడిపోవువారిని నీవెందుకు చూచెదవు తాతా?” అని అడిగినది.

మాష్టారు కొంతసేపు ఊరకుండెను. “వారు ఇంకను ఆడుచున్నారు గనుక,” అనెను. ఆ సమాధానము ఆమెకు చాలలేదు. నిజమునకు ఆయనకును చాలలేదు.

ఆయన ఆమెకు ఆ యువతుల సంగతులు చెప్పెను. జట్టు నాయకురాలు రాణీ రాంపాల్ తండ్రి బండి లాగి కుటుంబమును పోషించినవాడు. సలీమా టెటే జార్ఖండులోని సిమ్‌డెగా జిల్లాలో బడ్కీచాపర్ అను పల్లెలో పుట్టినది. వెదురుకఱ్ఱతో ఆట నేర్చినది. ఆ సీమలో ఊరూరను హాకీ పందెములు జరుగును. గెలిచిన జట్టునకు ఒక మేకపోతును బహుమానముగా ఇత్తురు. నిక్కీ ప్రధాన్‌ది ఖూంటీ జిల్లా. దీప్ గ్రేస్ ఎక్కాది ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా. ముగ్గురును ఆదివాసి ఆడపడుచులే. గోలును కాచు సవితా పునియాది హర్యానాలోని ఒక పల్లె. ఆమెను హాకీ ఆడుమని ప్రోత్సహించినది తాతగారే.

ఆ చివరి మాట వినగానే బాలిక తలయెత్తి చూచినది. “మన తెలుగువారు ఎవరును లేరా?” అని అడిగినది.

“ఉన్నది. చిత్తూరు సీమలోని యనమలవారిపల్లెకు చెందిన ఎతిమరపు రజని. ఆమెయు గోల్‌కీపరే. సవితకు ఏమైన ఆపద కలిగినచో ఆడుటకు సిద్ధముగా ఉండవలెను.”

“ఆడకుండ ఊరక కూర్చుండుట యేనా?”

“ఊరక కాదు తల్లీ. తోటివారికి దినదినము అభ్యాసమున తోడుండవలెను. తన వంతు రాకపోయినను సిద్ధముగా ఉండవలెను. అది ఆటకంటె కష్టము.”

జూలై 30వ తేదీన మన జట్టు ఐర్లాండుతో ఆడినది. ఓడినచో కథ ముగియును. అవకాశములు ఒకదాని వెంట ఒకటి చేజాఱినవి. ఆట ముగియుటకు మూడు నిమిషములున్నదనగా నవ్‌నీత్ కౌర్ గోలు చేసినది. 1–0. మఱునాడు దక్షిణాఫ్రికాతో పోరు. మనవారు ఒక గోలు చేసిన, వారును ఒకటి చేయుదురు. చివరకు 4–3తో గెలుపు మనదైనది. నాలుగింటిలో మూడు గోలులు వందనా కటారియావే. ఒలింపిక్ క్రీడలలో ఒక ఆటలో మూడు గోలులు చేసిన మొదటి భారతీయ మహిళ ఆమె. రెండు నెలలకు ముందు ఆమె తండ్రి మరణించెను. శిక్షణ శిబిరమున ఉన్న ఆమె కడసారి చూపునకు వెళ్లలేకపోయినది.

అయినను మన జట్టు భవిష్యత్తు మన చేతిలో లేకుండెను. ఆ సాయంకాలము ఐర్లాండు గ్రేట్ బ్రిటన్‌పై గెలిచినచో మనవారు ఇంటికి తిరిగి రావలసినదే. మూడు దినములకు ముందు మనలను ఓడించిన గ్రేట్ బ్రిటన్ గెలువవలెనని మాష్టారు ఆ సాయంకాలము కోరుకొనుట చూచి మనుమరాలు నవ్వినది. ఆ జట్టు 2–0తో గెలిచినది. మనవారు క్వార్టర్ ఫైనలు చేరిరి. ఎదురు నిలిచినది ఆస్ట్రేలియా.

1988, 1996, 2000 సంవత్సరములలో మూడుసార్లు ఒలింపిక్ బంగారు పతకమును గెలిచిన జట్టు అది. టోక్యోలో అప్పటికి ఆడిన ఐదు ఆటలను గెలిచినది. ఐదింటను కలిపి ఒక్క గోలు మాత్రమే ఇచ్చినది. మన జట్టో, మొదటి మూడు ఆటలలో ఓడి, ఇతరుల గెలుపువలన ముందుకు వచ్చినది. పోలికయే లేదు.

ఆగస్టు 2వ తేదీ సోమవారము. ఉదయము ఎనిమిదిన్నరకు ఆట. రాత్రినుండి వాన విడువక కురియుచుండెను. కొండలమీద మబ్బులు దిగి, ఎదుటి ఇల్లు కూడ మసకగా కనబడుచుండెను. మాష్టారు చోడి అంబలి త్రాగి, కళ్లజోడు తుడిచికొని, టెలివిజను ఎదుట కూర్చుండెను. మనుమరాలు గొంగళి కప్పుకొని ప్రక్కన చేరినది. తెఱమీద మైదానము వెలుగుచుండెను. చుట్టును మెట్లు మాత్రము ఖాళీ. మహమ్మారి కారణముగా ఆ క్రీడలకు ప్రేక్షకులను రానీయలేదు. కేకలు లేవు, చప్పట్లు లేవు. కఱ్ఱకు బంతి తగిలిన చప్పుడును, క్రీడాకారిణులు ఒకరినొకరు పిలుచుకొను పిలుపులును మాత్రము వినబడుచుండెను.

“అక్కడ మనవారు ఒక్కరును లేరు,” అన్నది బాలిక.

“అందఱును ఇండ్లలో ఉన్నారు, మనవలెనే,” అనెను మాష్టారు.

ఆటకు పదునైదేసి నిమిషముల భాగములు నాలుగు. మొదటి భాగము గోలు లేకయే ముగిసినది. రెండవ భాగము మొదలై కొంతసేపైనది. ఒక్కసారి తెఱ నల్లబడినది. విద్యుత్తు పోయినది.

మాష్టారు లేచి నిలిచెను, కూర్చుండెను, మరల లేచెను. ఐదు నిమిషములు చూచిరి. రాలేదు. బస్సులు నిలుచు చోట ఒక టీ హోటలు కలదు. అచ్చట ఇన్వర్టరు ఉన్నదని బాలికకు జ్ఞాపకము వచ్చినది. ఒకే గొడుగు క్రింద ఇద్దఱును బయలుదేరిరి. బాట బురదగా ఉండెను. అఱువది దాటిన ఆ వృద్ధుడు వానలో అంత వడిగా నడచుట మనుమరాలు అంతకుముందు చూచి యెఱుగదు.

హోటలులో టెలివిజను మ్రోగుచుండెను గాని, చూచువారు లేరు. బస్సుకొఱకు వేచియున్నవారు పదిమంది టీ త్రాగుచు తమ మాటలలో తాముండిరి. సగము ఆట ముగిసి విరామము నడుచుచున్నది. తెఱ మూలను రెండు అంకెలు కనబడెను. మాష్టారు కళ్లజోడు తీసి తుడిచి, మరల పెట్టుకొని చూచెను. భారతదేశము 1, ఆస్ట్రేలియా 0.

గోలు పడినది. ఆయన దానిని చూడలేదు.

ఇరువదిరెండవ నిమిషమున మనకు ఒక పెనాల్టీ కార్నరు లభించినది. దానిని గోలుగా మార్చినది గుర్జీత్ కౌర్. జర్మనీతో ఆడిననాడు పెనాల్టీ స్ట్రోకును తప్పిన గుర్జీత్ కౌరే. ఆరు దినములు గడిచిన పిమ్మట, అంతకంటె పెద్ద ఆటలో, కొట్టవలసిన బంతిని జట్టు మరల ఆమెకే అప్పగించినది. హోటలువాడు ఆ మాట చెప్పగానే మాష్టారు బల్లమీద కూర్చుండిపోయెను. ఎన్నో యేండ్లనుండి ఎదురుచూచిన గోలును విద్యుత్తు మ్రింగినదను విచారమును, అది ఆమె చేతిమీదుగా వచ్చినదను సంతోషమును ఒక్కమాఱే కలిగినవి. కాని విచారించుటకు తీఱిక లేదు. ఇంకను ముప్పది నిమిషముల ఆట ఉన్నది. ఒక్క గోలును కాపాడుకొనవలెను.

ఆస్ట్రేలియావారు అల వెంట అలగా వచ్చిరి. వారికి పెనాల్టీ కార్నరు లభించినప్పుడు బాలిక, “ఇది ఏమి తాతా?” అని అడిగినది. ఆయన తెఱనుండి చూపు మరల్పకయే చెప్పెను: “డి ఆకారపు వలయమున మనవారు తప్పుచేసినచో అవతలివారికి ఇచ్చు అవకాశమిది. గోలుగీతమీద, గోలుస్తంభమునకు పది గజముల దూరమునుండి ఒకతె బంతిని వలయము వెలుపలికి త్రోయును. అచ్చట ఒకతె ఆపును, మఱియొకతె కొట్టును. కాచుటకు మనవారు గోల్‌కీపరుతో కలిసి ఐదుగురే ఉండవలెను. తక్కినవారు మైదానపు నడిగీత దగ్గఱకు పోవలెను.”

“ఐదుగురేనా?”

“ఐదుగురే. బంతి కదలిన మఱుక్షణమున వారు గోలునుండి ముందుకు ఉరుకుదురు. ఎదురుగా వచ్చు బంతికి అడ్డముగా పరుగెత్తవలెను.”

సుమారు 160 గ్రాముల బరువైన ఆ గట్టి బంతికి ఎదురేగుట ఎట్టిదో బాలిక ఊహించినది. వెదురుకఱ్ఱ దెబ్బకు మోకాలు వాచిన అనుభవము ఆమెకు లేకపోలేదు. బంతి బయటికి పోయినది, ఆగినది, కొట్టబడినది. సవిత కాలు చాచినది. బంతి ప్రక్కకు పోయినది. హోటలులో ఎవరో “అబ్బా!” అనిరి. మాష్టారు వెనుకకు తిరిగి చూచెను. టీ త్రాగువారిలో ముగ్గురు లేచి వచ్చి వెనుక నిలిచియుండిరి.

మఱియొక కార్నరు. దీప్ గ్రేస్ ఎక్కా, తోటివారు గోలు ముందట గోడకట్టినట్లు నిలిచిరి. మరల బంతి పోయినది. బాలిక వ్రేళ్లు మడచి లెక్కించుట మొదలుపెట్టినది. వెనుక నిలిచినవారు ఏడుగురైరి. “ఎవరు ఎవరితో ఆడుచున్నారు?” అని ఒకడు మెల్లగా అడిగెను. “మనవారు,” అని బాలికయే చెప్పినది. పాడేరు పోవు బస్సు వచ్చి నిలిచినది, కొందఱు ఎక్కిరి, ఇద్దఱు ఎక్కలేదు.

కడపటి భాగమున మన క్రీడాకారిణులు అలసియుండుట స్పష్టముగా తెలియుచుండెను. అయినను బంతిని పోగొట్టుకొన్నవారు నిలువక, వెనుకకు పరుగెత్తి వచ్చుచుండిరి. మాష్టారు ఒక్క మాటయు పలుకలేదు. అభిమాని చేయగల పని ఏమున్నది? ఆయన కేక టోక్యోకు వినబడదు. ఆయన మ్రొక్కు బంతిని మరల్పదు. ఆయన చేయగలిగినది లేచిపోకుండుట ఒక్కటే. ఆ పనిని ఆయన నలుబదియాఱేండ్లుగా చేయుచున్నాడు. ఆ అరగంట కూడ చేసెను.

ఆ ఆట మొత్తమున ఆస్ట్రేలియాకు ఏడు పెనాల్టీ కార్నర్లు లభించినవి. ఏడింటిలో ఒక్కటియు గోలు కాలేదు. గడియారము సున్న చూపినది. మన యువతులు కఱ్ఱలు విసరివైచి ఒకరిమీద ఒకరు పడి కౌగిలించుకొనిరి. నెదర్లాండ్సు దేశస్థుడైన శిక్షకుడు షోర్డ్ మరీనే కన్నీరు పెట్టుకొనెను. ఖాళీ మెట్ల నడుమ ఆ పదునాఱుగురి కేకలే మైదానమును నింపినవి. భారత స్త్రీల హాకీ జట్టు ఒలింపిక్ సెమీఫైనలు చేరుట అదియే మొదటిసారి.

చింతపల్లిలోని టీ హోటలులో చప్పట్లు మ్రోగెను. ఆట పేరైన ఎఱుగనివారు కూడ చప్పట్లు కొట్టిరి. మాష్టారు కళ్లజోడు తీసి తుడిచెను. ఈసారి అది వానతడి కాదు. హోటలువాడు ఆయనకు టీ ఇచ్చి డబ్బు పుచ్చుకొనలేదు. “మీ జట్టు గెలిచినది గదా మాష్టారూ,” అనెను. ఆ మాట వినుటకు ఆయన ఎన్ని యేండ్లు వేచియుండెనో హోటలువానికి తెలియదు.

గొడుగు క్రింద తిరిగి వచ్చుచుండగా బాలిక దారి పొడవున ఆలోచించుచునే ఉండెను. ఇంటి ముంగిట నిలిచి, “తాతా, మొదటి మూడు ఆటలలో సవితమీద ఎన్ని గోలులు పడెను?” అని అడిగినది.

“ఐదు, రెండు, నాలుగు.”

“పదునొకటి,” అన్నది ఆమె. కొంచెముసేపు ఊరకుండి, “పదునొకటి పడనిచ్చిన ఆమెయే నేడు ఒక్కటియు పడనీయలేదు,” అన్నది. మాష్టారు దానికి ఏ నీతియు చేర్పలేదు. గొడుగు మడచి గోడకు ఆనించి లోపలికి పోయెను.

తరువాతి రెండు ఆటలు మనకు దక్కలేదు. ఆగస్టు 4వ తేదీన అర్జెంటీనా 2–1తో గెలిచినది. 6వ తేదీన కాంస్య పతకమునకై జరిగిన పోరులో గ్రేట్ బ్రిటన్ 4–3తో గెలిచినది. ఒకప్పుడు మనవారు 3–2తో ముందుండిరి కూడ. మైదానమున మన యువతులు ఏడ్చిరి. చింతపల్లిలో బాలికయు ఏడ్చినది. మాస్కోలో వలెనే నాలుగవ స్థానము. పతకము లేదు. మాష్టారు మనుమరాలి తల నిమిరి, “ఏడువవలసిన ఆటయే ఇది. రియోలో మనకు ఏడ్చుటకైన అవకాశము దొరకలేదు. ఆటలు అంత త్వరగా చేజాఱిపోయినవి,” అనెను.

ఆగస్టు 16వ తేదీన బడులు తెఱచిరి. ఆ ఉదయము ఎవరును చెప్పకుండనే బాలిక తన రేకుపెట్టెను మంచము క్రిందినుండి లాగి, దుమ్ము తుడిచి, బట్టలు సర్దుకొన్నది. ఏడవ తరగతి లెక్కల పుస్తకమును కూడ అడుగున పెట్టుకొన్నది. తల్లి ఆశ్చర్యపడి చూచినది. “వెనుకటివి రాకున్నచో అక్కడ అడిగి నేర్చుకొందును,” అని మాత్రము ఆమె చెప్పినది. మాష్టారు పెట్టెను బస్సు వఱకు మోసికొనిపోయెను.

ఆ జట్టు కథ అంతటితో ముగియలేదు. మెట్టు మెట్టుగా పైకే పోవుటయు జరుగలేదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో న్యూజిలాండును ఓడించి కాంస్య పతకమును గెలిచినది. ఆ జట్టులో రజని కూడ ఉండెను. 2024వ సంవత్సరము జనవరి 19వ తేదీన రాంచీలో జపాను చేతిలో 0–1తో ఓడి, పారిస్ ఒలింపిక్ క్రీడలకు అర్హత కోల్పోయినది. ఆ మే నెలలో జట్టు నాయకత్వము వెదురుకఱ్ఱతో ఆట నేర్చిన సలీమా టెటేకు దక్కినది.

రాంచీలో ఓడిన ఆ రాత్రి చింతపల్లిలో చలి గడ్డకట్టించుచుండెను. మాష్టారు టెలివిజను ఆపి, కుంపటి దగ్గఱ ఒంటరిగా కూర్చుండెను. ఒక్క గోలుతో గెలిచిన జట్టే ఒక్క గోలుతో ఓడినది. ఇంతలో ఫోను మ్రోగినది. పదవ తరగతి పరీక్షలకు చదువుకొనుచున్న మనుమరాలు.

“తాతా, ఓడిరి గదా?”

“ఓడిరి తల్లీ.”

కొంచెముసేపు ఇద్దఱును మాటలాడలేదు. తరువాత ఆమెయే అడిగినది:

“తరువాతి ఆట ఎప్పుడు?”